టీకా వేయడం, టీకా పట్టడం

ఇవాళ నేను ఎత్తుకున్న విషయం చూడటానికి చిన్నదే. కుక్కకో పిల్లికో టీకా మళ్లీ వెయ్యాలా వద్దా అని తేల్చుకునే ముందు దాని రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేవో చూడటం. వాడుకలో టైటర్ టెస్ట్ అంటున్నారు. మన నగరాల్లోకి ఈ మాట వచ్చింది ‘ఏటేటా సూది పొడిపించక్కర్లేదట, రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుందట’ అన్న వార్త వెంట. వార్తలో అబద్ధం లేదు. కాకపోతే అది ఏటా క్రమం తప్పకుండా సూది పడే కుక్కలున్న దేశాల్లో పుట్టిన వార్త. మన దగ్గర కుక్కల కష్టం వేరు. మూడు నెలలు నిండకుండానే టీకాల పుస్తకం మూతపడటం, స్టిక్కర్లన్నీ అంటించి ఉన్నా నాలుగో నెలలోనో ఐదో నెలలోనో పిల్ల నెత్తురు విరేచనాలతో క్లినిక్ బల్ల మీదికి రావడం మన కష్టం. కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది: పెద్ద కుక్కకు ఒక సూది తప్పించడం ఈ పరీక్ష చేయగల పనుల్లో చిన్నది, పిల్లప్పుడు వేసిన టీకా పట్టిందో లేదో చెప్పడం పెద్దది. టీకా ‘వేయడం’ అనీ, టీకా ‘పట్టడం’ అనీ మనకు రెండు మాటలున్నాయి. పుస్తకంలో రాసేది మొదటిదాన్ని. జబ్బును ఆపేది రెండోది.

ముందు టైటర్ అంటే ఏమిటో చూద్దాం. బాగా పులిసిన మజ్జిగ ఒక గ్లాసుడు తీసుకోండి. అందులో సగం రెండో గ్లాసులో పోసి అంతే నీళ్లు కలపండి. దానిలో సగం మూడో గ్లాసులోకి, మళ్లీ అంతే నీళ్లు. ఇలా పోతూ ఉంటే పులుపు నాలుకకు తెలిసే ఆఖరి గ్లాసు ఎన్నోదో, అదే ఆ మజ్జిగ టైటర్. ప్రయోగశాలలో మజ్జిగ బదులు కుక్క సీరం, నాలుక బదులు పంది ఎర్ర రక్తకణాలు. 96 గుంటలున్న ప్లేటులో ఒక వరుస వెంట సీరాన్ని 1:10, 1:20, 1:40, 1:80 అంటూ పలుచన చేసుకుంటూ పోతారు. ప్రతి గుంటలోనూ కొలిచిన పార్వో వైరస్ వేసి, ఆపైన పంది కణాలు వేస్తారు. ఆ కణాల్ని ఒకదానికొకటి అతికించే గుణం పార్వో వైరస్‌కు ఉంది. అతుక్కున్న కణాలు గుంట అడుగున పలుచటి పొరలా పరుచుకుంటాయి. సీరంలో యాంటీబాడీలుంటే అవి వైరస్‌ను ముందే పట్టేస్తాయి, కణాలు విడివిడిగా జారి అడుగున ఎర్రటి చొక్కా గుండీలా చేరతాయి. గుండీ కనిపించే చివరి గుంట 1:80 దైతే టైటర్ 80. డిస్టెంపర్‌కు పద్ధతి వేరు. పెంచిన జీవకణాల పొర మీద వైరస్‌ను వదిలి, సీరం దాన్ని ఎంతవరకు ఆపగలిగిందో చూస్తారు. దానికి రోజులు పడతాయి. క్లినిక్‌లో చేసే కిట్లలో ఒక రకం దువ్వెనలా ఉంటుంది. పళ్ల మీద వైరస్ పదార్థం చుక్కలుగా ముందే అంటించి ఉంటుంది. సీరం ఉన్న గుంటలో ముంచి, తర్వాతి గుంటల్లో వరసగా ముంచుకుంటూ పోతే ఇరవై నిమిషాలు దాటేసరికి బూడిదరంగు చుక్కలు తేలతాయి. పక్కనున్న ఆధారపు చుక్కంత ముదురుగా ఉంటే రక్షణ ఉన్నట్టు, లేతగా ఉంటే లేనట్టు.

కుక్కల యజమానులకు కొత్తగా వినిపించే ఈ టైటర్ మాట మన కోళ్ల రైతులకు ఎప్పుడో పాతపడింది. గుడ్ల కోళ్ల ఫారాల్లో కొక్కెర తెగులుకు లసోటా టీకా మళ్లీ ఎప్పుడు వెయ్యాలో తేల్చుకోవడానికి కొన్ని కోళ్ల రక్తం తీసి ల్యాబ్‌కు పంపడం మామూలు పని. అక్కడా ఇదే గుండీ పరీక్ష, పంది కణాల బదులు కోడి కణాలు వాడతారు. కోళ్ల రైతు అడిగే ప్రశ్నను గమనించండి. ‘టీకా మానేయవచ్చా’ అని అతను అడగడు. ‘వేసిన టీకా మందకు సమంగా ఎక్కిందా’ అని అడుగుతాడు. నీళ్లలో కలిపిన మందు కొన్ని కోళ్లు తాగి కొన్ని తాగకపోతే టైటర్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. అది చూసి పొరపాటు ఎక్కడ జరిగిందో వెతుకుతాడు. ఖర్చు లెక్క వేసుకునే మనిషి గనుక వేసినదాని ఫలితం చూసుకుంటాడు. తన ఒక్క కుక్కపిల్ల మీద వేలు పోసేవాడు మాత్రం స్టిక్కర్ చూసి తృప్తిపడుతున్నాడు. అయితే రెండిటికీ ఒక తేడా ఉంది. కోళ్ల మందలో సగటు ఎంత, పడిపోతున్నదా అన్నది ముఖ్యం. కుక్క విషయంలో, పార్వో, డిస్టెంపర్‌ల వరకు, అంకె పెద్దదా చిన్నదా అన్నదానికి పెద్ద విలువ లేదు. ఉందా లేదా, అంతే. టీకాతో వచ్చిన యాంటీబాడీ గీటు దాటి కనిపించిందంటే ఆ కుక్కకు జ్ఞాపక కణాలున్నట్టే, వైరస్ ఎదురైతే అవి లేచి పనిచేస్తాయి. ‘మా బ్రూనోకు టైటర్ చాలా హై వచ్చింది’ అని మురిసిపోవడంలో అర్థం లేదు.

ఏటా సూది ఎక్కడి నుంచి వచ్చిందంటే, తయారీదారులు టీకాకు అనుమతి కోసం ప్రయోగం చేసినప్పుడు జంతువుల్ని ఏడాది ఉంచి చూశారు. ఏడాది తర్వాత కూడా రక్షణ ఉందని తేలింది, సీసా మీద ‘ఏటా వేయించండి’ అని అచ్చయింది. ప్రయోగం ఏడాదికి ముగిసింది గానీ రక్షణ ఏడాదికి ముగియలేదు. ఈ తేడాను పశువైద్య పరిశోధకులు రోనాల్డ్ షుల్ట్జ్, ఫ్రెడ్ స్కాట్ 1978 లోనే ఎత్తిచూపి, మూడేళ్లకోసారి చాలన్నారు. వినడానికి వృత్తికి పాతికేళ్లు పట్టింది. ఈలోగా షుల్ట్జ్ విస్కాన్సిన్‌లో, టీకా వేసి ఏళ్ల తరబడి విడిగా ఉంచిన కుక్కలకు అసలు వైరస్‌నే ఎక్కించి చూశాడు. ఏడేళ్ల తర్వాత కూడా డిస్టెంపర్, పార్వో వాటిని తాకలేదు. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో స్కాట్ పిల్లి కూనలకు చంపిన వైరస్‌తో చేసిన టీకా రెండు మోతాదులు వేసి, ఏడున్నరేళ్లు ఏ వైరస్ సోకకుండా పెంచి, 1999లో ఫలితం ప్రకటించాడు. పిల్లుల జబ్బు పాన్‌ల్యూకోపీనియాకు రక్షణ చెక్కుచెదరలేదు. 2000లో అచ్చయిన మరో పరిశీలనలో 1,441 కుక్కల రక్తం చూస్తే 95 శాతానికి పార్వోకు, 97 శాతానికి పైగా డిస్టెంపర్‌కు తగినంత యాంటీబాడీ ఉంది. 2003లో అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ మూడేళ్ల గడువుకు ఒప్పుకుంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం, అంటే డబ్ల్యూఎస్‌ఏవీఏ, 2007 నుంచి ఇదే చెబుతూ వచ్చి 2024లో మార్గదర్శకాల్ని మళ్లీ సవరించింది. ఇంత సాక్ష్యం ఉన్నాక, పిల్లప్పుడు టీకా సరిగా పట్టిన పెద్ద కుక్కకు డిస్టెంపర్, పార్వో, అడినో అనే మూడు వైరస్‌ల సూది ఏటా వెయ్యడానికి శాస్త్రంలో ఆధారం లేదని నిర్మొహమాటంగా చెప్పవచ్చు.

మూడు వైరస్‌లు అన్నాను. పరీక్ష హద్దు అక్కడే ఉంది. కుక్కల్లో డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ తెచ్చే అడినోవైరస్ అనే ఆ మూడు, పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా: ఈ నాలుగింటికే రక్తంలో కనిపించే యాంటీబాడీ నమ్మదగ్గ సాక్షి. ఇవి రక్తం వెంట ఒళ్లంతా పాకే వైరస్‌లు గనుక రక్తంలో కాపలా ఉంటే ఆగిపోతాయి. పిల్లుల జలుబు వైరస్‌లు, హెర్పిస్, కాలిసి, అలా కావు. అవి ముక్కులో, కంట్లో, నోట్లో కూర్చునే రకం. అక్కడి కాపలా రక్తపు చుక్కలో కనబడదు. లెప్టోస్పైరోసిస్ సంగతి ఇంకా వేరు. టీకా తర్వాత యాంటీబాడీలు కొద్ది నెలల్లోనే కనుమరుగవుతాయి, ఉన్నా రక్షణకు హామీ కావు, లేకపోయినా రక్షణ లేదనడానికి లేదు. కాబట్టి లెప్టోకు టైటర్ చూసి నిర్ణయం తీసుకోవడం తప్పు. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు నిలిచే మన వీధుల్లో తిరిగే కుక్కకు లెప్టో టీకా ఏటా పడాల్సిందే. ఇక్కడ ఒక ఆచరణ చిక్కు ఉంది. మనం ‘సెవెన్ ఇన్ వన్’, ‘నైన్ ఇన్ వన్’ అని పిలిచే మందు సీసాల జంటను దగ్గరగా చూడండి. ఒకదాని అడుగున తెల్లటి ఎండు బిళ్ల ఉంటుంది. బతికున్న, బలహీనపరిచిన వైరస్‌లన్నీ అందులోనే. రెండోదాంట్లో ద్రవం. చాలా రకాల్లో లెప్టో ఉండేది ఆ ద్రవంలో. కలిపి ఎక్కిస్తే అన్నీ కలిసే పోతాయి. టైటర్ చూసి వైరస్‌ల భాగం వద్దనుకున్నవారికి లెప్టో భాగం విడిగా దొరకాలి. అది తెప్పించి పెట్టుకునే క్లినిక్ కాకపోతే పరీక్ష ఫలితం కాగితంగానే మిగులుతుంది.

రేబిస్ దగ్గర మరింత గట్టిగా మాట్లాడాలి, ఎందుకంటే అపార్థం ఎక్కువున్నది ఇక్కడే. రేబిస్‌కు కూడా టైటర్ పరీక్ష ఉంది, మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు అన్న గీటు ఉంది. అమెరికా నుంచో ఐరోపా నుంచో కుక్కతో వచ్చి వెళ్లే మన కుటుంబాలకు ఈ అంకె కంఠతా వచ్చు. ఐరోపా సమాఖ్యకు తీసుకువెళ్లాలంటే టీకా వేసి కనీసం 30 రోజులు ఆగాక రక్తం తీయించాలి, గీటు దాటాలి, ఆపైన మూడు నెలలు ఆగాలి. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు పెట్టింది. రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. ఇక్కడ టీకా వేయించిన కుక్కకు, వాళ్లు ఆమోదించిన ల్యాబ్ ఇచ్చిన టైటర్ రిపోర్టు లేకపోతే 28 రోజులు క్వారంటైన్. ఇదంతా వీసా లాంటి వ్యవహారం. టీకా వేసినట్టు కాగితం మీద రాసినది నిజమేనా అని సరిహద్దులో అడిగే ప్రశ్నకు జవాబు. ఇక్కడా అసలు అడుగుతున్నది మన ప్రశ్నే అని గుర్తుంచుకోండి: పట్టిందా? అంతేగానీ 0.5 వచ్చింది గనుక ఈసారి రేబిస్ సూది మానేద్దాం అనడానికి ఆ అంకె పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచ రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనే. కరిచేది కుక్క, చచ్చేది మనిషి. ఇంకొకరి పిల్లవాడి ప్రాణం మీద మన కుక్క టైటర్‌తో పందెం కాయకూడదు. రేబిస్ టీకా పని మూడేళ్లకు పైనే ఉంటుందని షుల్ట్జ్, జీన్ డాడ్స్ బృందం 2020లో అచ్చువేసిన ప్రయోగం చూపింది, నిజమే. గడువు ఎంతుండాలో ప్రభుత్వాలు మార్చుకోవడానికి అది ఆధారం. ఒక్కొక్క ఇంటివాళ్లు సొంతంగా మినహాయింపు తీసుకోవడానికి కాదు. హైదరాబాదులో తయారయ్యే రేబిస్ టీకా దేశమంతా పోతుంటే, ఆ ఊళ్లోనే దాన్ని తప్పించుకునే దారి వెతకడం విడ్డూరం.

ఇప్పుడు నా వాదన గుండెకాయ దగ్గరికి వస్తాను, అంటే కుక్కపిల్ల దగ్గరికి. టీకా నిర్ణయానికి రక్తపరీక్షను మొదట వాడింది పెద్ద కుక్కకు సూది తప్పించడానికి కాదు. 1950ల చివర కోర్నెల్‌లో జేమ్స్ బేకర్ బృందం తల్లికుక్క రక్తంలో డిస్టెంపర్ యాంటీబాడీ ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి పిల్లలకు ఏ రోజున టీకా వేస్తే పడుతుందో చెప్పే కొలమానం తయారుచేసింది. నోమోగ్రాఫ్ అన్నారు దాన్ని. తల్లి ముర్రుపాలలో తన యాంటీబాడీల్ని పిల్లలకిస్తుంది. అవి పిల్లను కాపాడతాయి, అవే టీకా వైరస్‌ను కూడా చంపి టీకాను పట్టనీయవు. ఒక లెక్క చేసి చూద్దాం. తల్లి ఇచ్చినది సుమారు పది రోజులకోసారి సగమవుతుంది. పార్వోకు 1:80 ఉంటే రక్షణ, 1:20 కి పడిపోయేదాకా టీకా పట్టదు అనుకుందాం. పుట్టగానే 640 ఉన్న పిల్లకు ముప్పయ్యో రోజుకు రక్షణ పోతుంది, టీకా పట్టే స్థితి యాభయ్యో రోజుకు వస్తుంది. మధ్యలో ఇరవై రోజులు అటూ కాదు, ఇటూ కాదు. తల్లి పొదుగు దగ్గర నెట్టుకుని ఎక్కువ తాగిన తోబుట్టువుకు 2,560 ఉందనుకోండి. దానికి ఆ ఇరవై రోజులు యాభయ్యో రోజు నుంచి డెబ్భయ్యో రోజు దాకా. మన దగ్గర పరిపాటి ఏమిటి? 45వ రోజున మొదటిది, మూడు వారాలకు రెండోది. మొదటి పిల్లకు రెండో సూది పట్టింది. రెండో పిల్లకు రెండు సూదులూ వృథా. రెండు పుస్తకాలూ ఒకేలా ఉంటాయి, ఒకే స్టిక్కర్లు, ఒకే సంతకం. మొదటి పిల్ల బతికి, రెండోది పార్వోతో పోతే ‘మందు నకిలీది’ అనో ‘డాక్టరు సరిగా వెయ్యలేదు’ అనో మాట వస్తుంది. ఇద్దరి తప్పూ లేకపోవచ్చు. ఆఖరి మోతాదు పదహారు వారాలు నిండాక పడాలని మార్గదర్శకాలు అంత పట్టుగా చెప్పేది ఇందుకే. పుస్తకం మూడో నెలలో మూసేస్తే దెబ్బతినేది ఆరోగ్యంగా, బాగా పాలు తాగిన పిల్లే.

పదహారు వారాలకు వేసి, మరో నాలుగు వారాలు ఆగి, అంటే ఇరవయ్యో వారంలో రక్తం చూస్తే సంగతి తేలిపోతుంది. అప్పటికి తల్లి ఇచ్చినవి దాదాపు ఉండవు, కనిపించేవి పిల్ల సొంతంగా తయారుచేసుకున్నవే. ఉన్నాయంటే ఆ మూడు వైరస్‌లకు మూడేళ్ల దాకా దిగులు లేదు. లేవంటే మరో మోతాదు, మరో పరీక్ష. అప్పటికీ లేకపోతే ఆ కుక్క పుట్టుకతోనే టీకాకు స్పందించని రకం. అలాంటివి అరుదే. పార్వోకు వెయ్యిలో ఒకటి, డిస్టెంపర్‌కు ఐదు వేలలో ఒకటి, అడినోకు లక్షలో ఒకటి అని అంచనా. రాట్‌వైలర్, డోబర్‌మన్ జాతుల్లో ఎక్కువని చాలాకాలంగా చెబుతున్నారు, మన నగరాల్లో ఆ రెండు జాతులకూ లోటు లేదు. ఇలాంటి కుక్కను ఎన్నిసార్లు పొడిచినా ప్రయోజనం లేదు, దాన్ని పెంచే పద్ధతి మార్చుకోవాలి. పరీక్ష లేకుండా దీన్ని కనిపెట్టే దారే లేదు. ఐస్ కరిగిన థర్మోకోల్ పెట్టెల్లోంచి, కరెంటు పోయిన ఫ్రిజ్‌లోంచి వచ్చే సీసాల సంగతీ ఇంతే. ఎండు బిళ్లలోని వైరస్ ఎండకు చచ్చిపోతే చూడటానికి ఏ తేడా కనబడదు, కలిపితే బాగానే కలుస్తుంది. చచ్చిందని చెప్పగలిగేది నాలుగు వారాల తర్వాత కుక్క రక్తమే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిది, మర్యాదగా ఎదుర్కోవాలి. యాంటీబాడీలు రోగనిరోధక శక్తిలో ఒక భాగమే, జ్ఞాపక కణాలు రక్తపు చుక్కలో కనబడవు, కిట్లు తప్పు చెబుతాయి. మూడూ నిజమే. తప్పు ఏ వైపు పోతుందన్నది చూడాలి. వెయ్యి పెద్ద కుక్కల్లో 950కి నిజంగా రక్షణ ఉందనుకుందాం, కిట్ ఇరువైపులా వందలో పది తప్పులు చేస్తుందనుకుందాం. ‘లేదు’ అని 140 కుక్కలకు వస్తుంది. వాటిలో 95కి నిజానికి రక్షణ ఉంది. నష్టం ఏమిటంటే ఒక అనవసరపు సూది. ‘ఉంది’ అని 860కి వస్తుంది, అందులో ఐదే మోసపోయినవి. పెద్ద కుక్కల్లో తప్పు దాదాపు ఎప్పుడూ మంచి వైపే పడుతుంది. అదే కిట్‌ను, వెయ్యిలో నాలుగు వందలకే రక్షణ ఉన్న పిల్లల గుంపు మీద వాడండి. ‘ఉంది’ అన్నవాటిలో ఏడింటికి ఒకటి మోసపోతుంది. పార్వో పాకుతున్న కుక్కల ఆశ్రమంలో, కుక్కపిల్లలు అమ్మే దుకాణంలో ఇది ప్రమాదం. పైగా పన్నెండు వారాల పిల్లలో కనిపించినది తల్లిదో సొంతదో కిట్‌కు తెలియదు. అందుకే నేను ఇరవయ్యో వారం అంటున్నాను, అంతకుముందు కాదు. సరిగా టీకాలు పడ్డ పిల్లల్లో ఆ వయసుకు ఎక్కువవాటికి రక్షణ ఉంటుంది, అంకెలు మళ్లీ మనవైపు తిరుగుతాయి. ఇందులో ఒక్కటే నియమం: ‘ఉంది’ అంటే నమ్మండి, ‘లేదు’ అంటే వాదించకుండా సూది వేయండి.

రెండోది ఖర్చు. టీకా కంటే పరీక్షే ఖరీదైనప్పుడు ఎవరు చేయిస్తారు? ఈ అభ్యంతరంతో నేను సగం ఏకీభవిస్తాను. ఏటా సూది బదులు ఏటా టైటర్ చేయించడం పాత మొక్కుబడి పోయి కొత్త మొక్కుబడి రావడమే. ఆరోగ్యంగా ఉన్న నాలుగేళ్ల లాబ్రడార్‌కు మూడేళ్లకోసారి సూది వేసేస్తే పోతుంది, పరీక్ష ఎందుకు? 2024 మార్గదర్శకాల్లో దీనికి చవకైన ప్రత్యామ్నాయం కూడా ఉంది. పూర్వం ఏడాదికి వేసే బూస్టర్‌ను ఇరవయ్యారు వారాలకు, అంటే ఆరో నెలకు జరిపారు. పదహారో వారంలో కూడా పట్టని పిల్లలుంటే పరీక్ష లేకుండానే ఆ మోతాదు వాటిని కలుపుకుంటుంది. మన ఇళ్లలో ఎక్కువమందికి ఇదే సరైన సలహా. పరీక్ష డబ్బు సార్థకమయ్యేది మరికొందరి దగ్గర. చరిత్ర తెలియకుండా ఇంటికి వచ్చిన కుక్క, పెంపకందారు దగ్గర మాయమైన పుస్తకం, కోల్డ్ చెయిన్ మీద అనుమానం, రాట్‌వైలర్ పిల్ల, తన ఎర్రకణాల్ని తానే చంపుకునే రక్తహీనతకు స్టెరాయిడ్లు వాడుతున్న కుక్క. క్రితంసారి సూదికి మూతి వాచిన షిట్జు కూడా. చిన్న జాతులకు ఈ బెడద ఎక్కువ. అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులు చూసి 2005లో ప్రకటించిన లెక్కలో, టీకా వేసిన మూడు రోజుల్లో ఏదో ఒక ప్రతిచర్య వచ్చినవి పది వేలకు 38. బరువు తగ్గేకొద్దీ, ఒకేసారి వేసే టీకాలు పెరిగేకొద్దీ ఆ అంకె పెరిగింది. పిల్లుల్లో సూది పడ్డచోట పుట్టే సార్కోమా సంగతి 1991లో పెన్సిల్వేనియా నుంచి మొదట బయటికొచ్చింది. పది వేల పిల్లుల్లో ఒకదానికి వచ్చే జబ్బే గానీ వస్తే తీసేయడం కష్టం. అప్పటి నుంచి పిల్లికి మెడ మీద కాక కాలికి, కింది భాగాన వేయమంటున్నారు. ఇంట్లోంచి కదలని ముసలి పిల్లికి పాన్‌ల్యూకోపీనియా యాంటీబాడీ ఉందని తెలిస్తే ఆ సూదిని వదిలేయడానికి నేను వెనుకాడను.

మూడో అభ్యంతరం మన గడ్డది. ‘పడమటి దేశాల లెక్కలు ఇక్కడ చెల్లవు, మన వీధుల్లో వైరస్ పొర్లుతోంది, కాబట్టి ఏటా వేయాల్సిందే.’ వైరస్ పొర్లుతోందన్న మాట వాస్తవం. పార్వో మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. 2018లో గిర్ అడవిలో కొద్ది వారాల్లో 23 సింహాలు పోయినప్పుడు వాటిలో కొన్నిటికి డిస్టెంపర్ వైరస్ ఉన్నట్టు తేలింది. ఊరి కుక్కల జబ్బు అడవి అంచు దాటగలదని అది చూపింది. కానీ ఈ వాస్తవం నుంచి వచ్చే నిర్ణయం వేరు. టీకా పట్టిన పెద్ద కుక్కకు వీధి వైరస్ తగిలితే జ్ఞాపకం మరింత గట్టిపడుతుంది తప్ప జబ్బు రాదు. వైరస్ ఎక్కువున్న వీధిలో బలైపోయేది పట్టని పిల్ల. అంటే మన పరిస్థితి ఎంత ఘోరమని చెబితే, ఉన్న ఒక్క సీసా ఎనిమిదేళ్ల పెంపుడు కుక్కకు ఎనిమిదోసారి కాక, ఒక్కసారీ పడని వీధికుక్క పిల్లకు వెళ్లాలన్న వాదనకే అంత బలం వస్తుంది.

ఒకటి మిగిలింది, సభల్లో ఎవరూ పైకి అనరు గానీ క్లినిక్‌లో అందరూ అనుకునేది. ఏటా సూది లేకపోతే కుక్కను ఎవరు తీసుకొస్తారు? పళ్లు, గుండె, కిడ్నీలు, బరువు ఎవరు చూస్తారు? ఆదాయం మాట కూడా ఉంది, దాన్ని తక్కువ చేయను. రేబిస్, లెప్టో ఏటా ఉన్నాయి గనుక రాక ఆగదు. వచ్చినప్పుడు సూది ఖరీదులో కలిపి దాచుకున్న, కుక్కను చూసిన ఫీజును ఆ ఫీజుగానే అడగడం నేర్చుకోవాలి. మనుషుల డాక్టర్లు చాలాకాలం క్రితమే నేర్చుకున్నారు.

చివరిగా టీకాల పుస్తకం తెరిచి చూడండి. తేదీ, టీకా స్టిక్కర్, మళ్లీ రావాల్సిన తేదీ, సంతకం, ఇవీ గళ్లు. వేసినదానికి ఇంత చోటుంది, పట్టినదానికి లేదు. పదహారో వారం వరుస కింద ఇంకో వరుస చాలు: ఇరవయ్యో వారం, పార్వో, డిస్టెంపర్, అడినో, ఉంది లేదా లేదు. అందులో పార్వో గడి నింపడానికి ఖరీదైన కిట్టే కావాలని లేదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో వారానికి ఒక రోజు పార్వో గుండీ పరీక్షకు కేటాయించవచ్చు. కోళ్ల రైతుకు పాతబడిన పరీక్షే అది. ప్లేటులో ఎనిమిది వరుసలు. సరిచూసుకోవడానికి రెండు పోను ఒక్కో ప్లేటుకు ఆరు కుక్కపిల్లలు. సోమవారం రక్తం తీసి ఐస్ మీద పంపితే మంగళవారం సాయంత్రానికి గుండీలు కనిపిస్తాయి.